కరవు ఏటి బరువు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల - ఈ మూడు పట్టణాలూ కడప జిల్లా పశ్చిమ భాగంలో ఉన్నవి. మొదటి రెండూ పెన్న ఒడ్డున వెలసినవి. మూడవది నదికి దక్షిణాన, మెట్టభూముల నడుమ ఉన్నది. ఉదయం బస్సెక్కిన మనిషి మూడు ఊళ్లూ తిరిగి సాయంకాలానికి ఇల్లు చేరవచ్చును. మాట ఒకటే, యాస ఒకటే. రాగిసంగటి, జొన్నరొట్టె, శెనక్కాయల పొడి మూడుచోట్లా వడ్డిస్తారు. ఇచ్చిపుచ్చుకోవడాలు, బంధుత్వాలు కూడా కలిసే ఉన్నవి. అయినా ఒక ఏడు వాన ముఖం చాటేసినప్పుడు ఈ మూడుచోట్లా జరిగేది మాత్రం ఒకటి కాదు. ఆ వ్యత్యాసాన్ని గురించి నాలుగు మాటలు చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

రెండు సమాజాల సాంఘికార్థిక స్థితిగతులను పోల్చవలసి వచ్చినప్పుడు మనం సాధారణంగా ఆదాయమెంత, భూమి ఎంత, బడికి పోయే పిల్లలెందరు అని అడుగుతాము. ఈ ప్రశ్నలన్నీ అవసరమైనవే. అయితే ఇవి చాలవరకు మంచి ఏటి లెక్కలు. ఒక సమాజం స్వభావం చెడ్డ ఏట గాని బయటపడదు. నష్టం వచ్చినప్పుడు అది మొదట ఎవరి ఇంట దిగుతుంది? ఆ ఇంటివారు ఒంటరిగా మోస్తారా, లేక మరి కొందరు చెయ్యి వేస్తారా? ఈ ప్రశ్నతో చూచినట్లయితే పక్కపక్కనే ఉన్న ఊళ్లు దూరంగాను, సముద్రాలకు ఆవల ఉన్న జనాలు దగ్గరగాను కనిపిస్తారు.

ముందుగా ప్రొద్దుటూరు సంగతి చూతాము. కర్నూలు సమీపాన సుంకేసుల వద్ద తుంగభద్రనుండి బయలుదేరే కర్నూలు-కడప కాలువ సుమారు 300 కిలోమీటర్లు ప్రయాణించి ఈ ప్రాంతానికి నీరు తెస్తున్నది. మనవాళ్లు దీనిని కె.సి. కాలువ అంటారు. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ దీనిని తవ్వించింది. సేద్యానికే గాక పడవల రాకపోకలకు కూడా ఉపయోగపడవలెనని వారి ఆశ. లాభం రాలేదు. చివరకు 1882లో ప్రభుత్వం ఆ కాలువను కొనివేసింది. కంపెనీకి నష్టం తెచ్చిన ఆ కాలువే దాని కింది పల్లెలకు వరిని, పసుపును ఇచ్చింది. నమ్మకమైన పంట ఉన్నచోట అప్పు తేలికగా పుడుతుంది. అప్పు పుట్టినచోట వర్తకం పెరుగుతుంది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీథిలో నడచినవారికి కాలువనీటికీ ఆ అంగళ్లకూ గల చుట్టరికం విడమరచి చెప్పనక్కరలేదు.

అయితే కాలువ కూడా ఒక్కొక్క ఏడు మొండిచెయ్యి చూపుతుంది. తుంగభద్రలో నీరు తగ్గినప్పుడు మొదట ఎండేది కాలువ చివరి పొలాలు. ఆ చివరి భాగం మన జిల్లాలోనే ఉన్నది. ఆ ఏట నీరందని ఆసామి ఇంటి నగ తాకట్టు పెట్టి గట్టెక్కుతాడు. అతని పొలంలో నాట్లు వేసే ఆడకూలికి తాకట్టు పెట్టడానికి ఏమున్నది? నాట్లు లేనప్పుడు ఆమెకు కూలి లేదు. కాలువ ఉన్న సీమలో కరవు రాదనడం సరి కాదు. వస్తుంది. వచ్చి, ఆసామి గడప దగ్గర కొంతసేపు నిలిచి, కూలివాని గుడిసెలో కాపురం పెడుతుంది.

ఇక జమ్మలమడుగు. ఈ పట్టణంలోను, చుట్టుపట్ల పల్లెల్లోను మగ్గం మీద బతికే కుటుంబాలు తరతరాలుగా ఉన్నవి. గుంటమగ్గంలో కాళ్లు పెట్టి ఇంటి యజమాని నేస్తాడు. భార్య కండెలు చుడుతుంది. ముసలివారు పడుగు సరిచేస్తారు. ఒక చీర దిగడానికి ఇంటిల్లిపాదీ చేతులు కలపవలెను. కూలి మాత్రం ఒక మనిషి పేరనే లెక్కకు వస్తుంది. నూలు గాని పట్టు గాని షావుకారు ఇస్తాడు, నేసిన చీర షావుకారే తీసుకొంటాడు. మగ్గం నేతగానిది, బేరం షావుకారుది.

ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. పులివెందుల రైతు ఏ వాన కోసం ఆకాశం వైపు చూస్తాడో, ఆ వాన ముసురు పట్టినప్పుడు నేతగాని ఇంట మగ్గపు గుంట చెమ్మగిల్లుతుంది. పడుగు బిగుసుకొంటుంది, పని ఆగుతుంది. పోనీ, వాన లేని ఏడు అతనికి మంచిదా అంటే అదీ కాదు. పల్లెల్లో పంట పోతే పెళ్లిళ్లు వాయిదా పడతవి. పెళ్లిళ్లు లేకపోతే చీరలు కదలవు. వాన కురిసినా, కురియకపోయినా నేతగానికి ఒక చిక్కు తప్పదు. చేనేతకు కొన్ని రకాల వస్త్రాలను ప్రత్యేకించుతూ 1985లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఆ చట్టం ఉన్నా, మరమగ్గం మీద నేసిన బట్ట చేనేత పేరుతో అంగడికి రాకుండా పోలేదు. నష్టం వచ్చిన ఏట ఈ ఇంట్లో తగ్గేది మొదట కూలి, తరువాత తిండి, ఆ తరువాత పిల్లవాని చదువు. కండెలు చుట్టడానికి బడి మానిన ఆడపిల్ల పేరు ఏ కరవు లెక్కలోను ఎక్కదు.

పులివెందుల సీమ సంగతి వేరు. జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 700 మిల్లీమీటర్లు, అనగా 28 అంగుళాల వాన పడుతుంది. పడమటి తాలూకాలలో అంతకూడా ఉండదు. జొన్న, కొర్ర, సజ్జ పండిన మెట్టచేలలో గత శతాబ్దంలో వేరుశెనగ విస్తరించింది. అది అమ్ముకొనే పంట. రూకలు కనబడినవి. కాని ఊడలు దిగే వేళ ఒక పదును తప్పితే పెట్టిన విత్తనం కూడా తిరిగి రాదు. దానితో రైతు బోరు వైపు తిరిగినాడు. నీరు పడినచోట చీనీ తోటలు, అరటి తోటలు లేచినవి. పడనిచోట అప్పు మిగిలినది. పడినచోట కూడా పక్క చేనివాడు మరికొంత లోతుకు వేస్తే మొదటివాని బోరు ఆగుతుంది. భూమి పైన గట్లు ఉన్నవి గాని, భూమి లోపలి నీటికి గట్లు లేవు గదా.

కొన్నేండ్ల క్రితం ధ్వనిముద్రణ కోసం పులివెందుల పరిసరాల ఒక పల్లెకు పోయినాను. అక్కడ ఒక అవ్వ తమ పాత ఇంటి దొడ్డిలో ఒక మూల చూపి, "ఇక్కడ మా మామగారి కాలంలో జొన్నల పాతర ఉండేది నాయనా. దాన్ని మన్నేసి పూడ్చినారు. ఆ పక్కనే మా మనవడు బోరు వేపించినాడు. పాతరలో గింజలెన్ని ఉండాయో ఇంట్లో అందరికీ తెలిసేది. బోరులో నీళ్లు ఎన్ని ఉండాయో ఆ దేవునికే తెలియాల," అన్నది. ఆమె ఏ అర్థశాస్త్రమూ చదువలేదు. అయినా ఈ సీమలో వంద సంవత్సరాలలో వచ్చిన మార్పును రెండు మాటలలో చెప్పివేసింది. కంటికి కనబడే నిలువను వదలి, కనబడని నిలువను నమ్ముకొన్నాము.

పాతర వెనుక ఒక సంసార పద్ధతి ఉండేది. నేలలో గొయ్యి తవ్వి, గడ్డి పరచి, జొన్నలు పోసి, మన్ను కప్పి, రెండుమూడేండ్ల దాకా కాపాడేవారు. ఉమ్మడి కుటుంబంలో ఒక అన్న చేను ఎండితే తమ్ముని చేనిమీది గింజ అందరి కంచాలలోకి వచ్చేది. అలాగని పాత కాలమంతా బంగారు కాలమని నేను చెప్పబోవడం లేదు. పాతర ఉన్న ఇల్లు వేరు, పాతర లేని గుడిసె వేరు. 1876-78 నాటి ధాత కరవులో కడప, బళ్లారి, కర్నూలు జిల్లాలలో జనం అసంఖ్యాకంగా మరణించినారు. ఉమ్మడి అనేది ఇంటి గడప దాకానే ఉన్నది. గడప దాటి ఊరంతటికీ అది విస్తరించలేదు.

దీనికి మరొక కారణం పరిపాలనలో ఉన్నది. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీవారికి దత్తం చేసినాడు. ఆ ఏడే వచ్చిన కలెక్టరు థామస్ మన్రో 1807 దాకా ఉండి, భూములు కొలిపించి, ఒక్కొక్క రైతుకు వేరువేరుగా శిస్తు నిర్ణయించినాడు. జమీందారు నడుమ లేకుండా రైతుకు భూమి దక్కడం గొప్ప మేలే. అయితే శిస్తు రూకలలో కట్టవలెను, వాన పడినా పడకపోయినా ఆ పేరుగల రైతే కట్టవలెను. ఆ శిస్తు బరువైనదని మన్రోయే గ్రహించి, దానిని నాలుగోవంతు తగ్గించవలసినదని 1807లో సిఫారసు చేసినాడు. హక్కు ఒక్కని పేర వచ్చినప్పుడు నష్టం కూడా ఒక్కని పేరనే వస్తుందన్న సత్యం ఆనాటినుండి మనకు అనుభవంలో ఉన్నది.

ఇటువంటి చిక్కును ఇతర దేశాలవారు ఎట్లా ఎదుర్కొన్నారో చూడడం మనకు ఉపయోగపడుతుంది. ఐరోపా ఆగ్నేయభాగంలో ఉన్న సెర్బియా, క్రొయేషియా, బోస్నియా, బల్గేరియా ప్రాంతాల స్లావు జాతులవారిలో వెనుక ఒక గృహవ్యవస్థ ఉండేది. దానిని వారు జాద్రుగ అంటారు. తండ్రి, కొడుకులు, అన్నదమ్ములు, వారి సంసారాలు ఒకే భూమిని ఉమ్మడిగా సేద్యం చేసి, ఒకే గాదెనుండి తిని, ఒక పెద్ద మాటకు కట్టుబడి ఉండేవారు. మన ఉమ్మడి కుటుంబానికి ఇది పినతల్లి బిడ్డవంటిది. ఒకడు జబ్బుపడినా, ఒకడు యుద్ధానికి పోయినా చేను బీడు పడదు. అయితే ఆడపిల్లకు అందులో వాటా లేదు. అత్తవారింటికి పోయినంతనే ఆమె లెక్కనుండి తొలగిపోయేది. 1844 నాటి సెర్బియా పౌరస్మృతి ఉమ్మడి ఆస్తిలో వ్యక్తుల వాటాలను గుర్తించింది. రొక్కం పన్నులు, బజారు పంటలు వచ్చి పడినవి. వేరుపడాలనే కోరిక పెరిగింది. పందొమ్మిదవ శతాబ్దం గడిచేకొద్దీ జాద్రుగలు విచ్ఛిన్నమైపోయినవి. అన్నదమ్ములకు స్వేచ్ఛ వచ్చింది. దానితోపాటు ఎవరి కరవు వారికి వచ్చింది.

ఇక రెండవ జనం అమెరికా ఆదివాసులైన హోపీలు. అరిజోనా రాష్ట్రం ఈశాన్యభాగంలో, ఎత్తైన బల్లపరుపు కొండల మీద, వారి పల్లెలు ఉన్నవి. ఒరైబీ అనే పల్లెలో సుమారు 900 ఏండ్లుగా జనం ఎడతెగక నివసిస్తున్నారు. అక్కడ ఏడాదికి పడే వాన సుమారు 10 అంగుళాలు. మన పులివెందులవారు ఆ వానను చూస్తే దానిని వాన అనడానికే సంకోచిస్తారు. అయినా వారు మొక్కజొన్న పండిస్తారు. చెమ్మ ఎక్కడ ఉన్నదో అక్కడికి అందేటట్లు కర్రతో లోతుగా గుంట చేసి, కొన్ని గింజలు వేసి, గుంటకు గుంటకు చాలా ఎడం ఉంచుతారు. ఒక ఏటి పంట చేతికి వచ్చినా, మరొక ఏటికి సరిపడే గింజ ఇంట నిలువ ఉండవలెనని వారి పెద్దల కట్టడి. అవ్వ చెప్పిన పాతర వారికీ తెలుసునన్నమాట.

హోపీలలో మనకు ఆశ్చర్యం కలిగించే అంశం మరొకటి ఉన్నది. వారిలో వంశం తల్లి వైపునుండి లెక్కకు వస్తుంది. ఇల్లు ఆడవారిది. చేలు తల్లివంశానివి. పెండ్లి అయిన తరువాత మగవాడే భార్య ఇంటికి పోతాడు. సేద్యం అతడు చేస్తాడు, గాదె ఆమె చేతిలో ఉంటుంది. మగ్గం మీద నేసేవారు కూడా అక్కడ మగవారే. ఈ భూములను వంశాల చేతినుండి తప్పించి ఒక్కొక్క మనిషికి ముక్కలుగా పంచవలెనని అమెరికా ప్రభుత్వం తలపెట్టినప్పుడు, 1894లో హోపీ పెద్దలు తమ వంశ చిహ్నాలనే సంతకాలుగా గీసి వాషింగ్టనుకు మహజరు పంపినారు. గాలికి ఇసుక కదిలే ఆ నేలలో ఈ ఏడు పండిన చోట వచ్చే ఏడు పండదు. ముక్క పంచుకొన్నవాడు ఆ ముక్కతోపాటే ఎండిపోతాడు. వంశానికి చేలు పలుచోట్ల ఉంటే ఒకచోట పోయినది మరొకచోట దొరుకుతుంది.

వారి జీవితమూ ఒడుదుడుకులు లేనిది కాదు. 1860ల నాటి కరవులో ఎందరో హోపీలు పొరుగు జూనీ పల్లెలకు వలసపోయినారు. ప్రభుత్వ బడులకు పిల్లలను పంపవలెనా కూడదా అనే వివాదం ముదిరి 1906లో ఒరైబీ పల్లె రెండుగా చీలిపోయింది. తరువాత 1960లలో వారి భూములలో బొగ్గు గనులకు కౌలు ఒప్పందాలు జరిగినవి. బొగ్గు పొడిని నీటిలో కలిపి గొట్టాలగుండా వందల కిలోమీటర్ల దూరాన ఉన్న విద్యుత్కేంద్రానికి పంపేవారు. దానికోసం భూగర్భంలోని నీటిని తోడినారు. ఊటలు సన్నగిల్లుతున్నవని పెద్దలు మొరపెట్టుకొన్నారు. 2005లో ఆ గొట్టం ఆగింది. 2019లో మిగిలిన గని కూడా మూతపడింది. బొగ్గు రాబడి మీద ఆధారపడిన వారి పాలకమండలికి ఆదాయం కుప్పకూలింది. వాన లేని ఏడు వారికి తెలుసును గాని, గని లేని ఏడు వారి పెద్దల అనుభవంలో లేదు. మన పులివెందుల ప్రాంతంలో కూడా తుమ్మలపల్లెలో యురేనియం గని వచ్చింది. ఉద్యోగాలు వచ్చినవి. బావుల నీరు పాడైనదని సమీప గ్రామాల రైతుల ఫిర్యాదులూ వచ్చినవి. గని జీతం వానతో పనిలేని రాబడి అన్నది నిజమే. దానికోసం నీటిని పణంగా పెట్టవలసి వస్తే ఎవరిని అడిగి పెట్టవలెనన్నది హోపీల కథ మనకు నేర్పే పాఠం.

ఇప్పుడు మళ్లీ పెన్న ఒడ్డుకు వత్తాము. మనం పాతరను తిరిగి తవ్వలేము, ఉమ్మడి కుటుంబాన్ని తిరిగి కట్టలేము, కట్టనక్కరలేదు కూడా. ఆ ఉమ్మడిలో కోడలి కష్టం ఎంతో, ఆడపిల్ల వాటా ఎంతో మనకు తెలుసును. 1985 సెప్టెంబరునుండి మన రాష్ట్రంలోను, 2005నుండి దేశమంతటా హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమానమైన వాటా చట్టసమ్మతమైనది. ఇది వెనుకకు పోయే దారి కాదు. అయితే స్వేచ్ఛ నిలుపుకొంటూ నష్టాన్ని పంచుకొనే మార్గం ఉన్నదా? స్లావు జాతులవారి మాటలోనే దీనికి ఒక సూచన దొరుకుతుంది. ఒకప్పుడు ఉమ్మడి ఇంటికి పేరైన జాద్రుగ అనే మాటకు ఈనాడు సెర్బియాలో వ్యవహారంలో ఉన్న అర్థం సహకార సంఘం. రక్తసంబంధం చేసిన పనిని ఒప్పందం చేత చేయించవచ్చునన్న భావం ఆ మాటలో ఉన్నది.

మనదేశంలో సహకార సంఘాల చట్టం 1904లోనే వచ్చింది. చేనేత సంఘాలు, పరపతి సంఘాలు మన జిల్లాలోనూ ఏర్పడినవి. కొన్ని నిలిచినవి. కొన్ని నలుగురు పెద్దల చేతిలో పడి పేరుకు మిగిలినవి. కాబట్టి సంఘం పెట్టినంత మాత్రాన సరిపోదు. లెక్క అందరికీ కనబడవలెను. పాతరలోని గింజలవలె ఉండవలెనే గాని, బోరులోని నీటివలె ఉండకూడదు. 1990లలో పల్లెపల్లెనా వ్యాపించిన మహిళల పొదుపు సంఘాలు చాలచోట్ల నిలదొక్కుకోవడానికి కారణం ఇదే. పది పదిహేనుమంది ఆడవారు ఒకచోట కూర్చుండి, ఎవరు ఎంత కట్టినారో, ఎవరు ఎంత తీసుకొన్నారో అందరి ఎదుట చెప్పుకొంటారు. గాదె తాళం ఆడవారి చేతిలో ఉన్న హోపీ ఇంటిని ఈ సంఘాలు తలపింపజేస్తవి.

నీటి విషయంలోను ఇటువంటి ప్రయత్నం జరిగింది. 2003 తరువాత కడపతోసహా ఏడు కరవు జిల్లాలలో రైతులే తమ ఊరి బోర్ల నీటిమట్టం కొలిచి, వానను లెక్కించి, ఈ ఏడు ఊరికి ఎంత నీరున్నది, ఏ పంట వేయవచ్చునన్నది సమావేశంలో తేల్చుకొనే పద్ధతి కొన్ని వందల పల్లెల్లో సాగింది. ఎవరినీ బలవంతపెట్టలేదు. లెక్క గోడమీద రాసినారు, అంతే. అది చూచి ఎక్కువ నీరు తాగే పంట తగ్గించినవారు ఎందరో ఉన్నారు. కూలివారి పక్షాన చెప్పదగినది 2006 ఫిబ్రవరిలో పొరుగున అనంతపురం జిల్లా బండ్లపల్లెలో ఆరంభమైన ఉపాధి హామీ పథకం. ఏడాదికి 100 రోజుల పని అడిగే హక్కు దానితో చట్టంలోకి వచ్చింది. కరవును ఊరు మోయలేనప్పుడు దేశం మోయవలెనన్న సూత్రానికి అది ఒక రూపం.

అయినా ఖాళీలు మిగిలే ఉన్నవి. కౌలుకు చేసే రైతు పేరు పట్టాలో లేదు. కౌలుదారులను గుర్తించేందుకు 2011లో ఒక చట్టం వచ్చింది. అయినా పంట బీమాగాని బ్యాంకు అప్పుగాని అందని కౌలుదారు నేటికీ ప్రతి పల్లెలోను కనిపిస్తాడు. జమ్మలమడుగు నేతగానికి ముసురు రోజుల కూలి ఎవరూ ఇవ్వరు. కాలువ చివరి చేనికి నీరు రాని ఏట, మొదటి చేనివారు ఆరుతడి పంట వేసుకొనే కట్టుబాటు లేదు. ఈ మూడూ చేయరాని పనులు కావు. మొదటిది అధికారుల చేతిలో ఉన్నది. రెండవది నేత సంఘాల చేతిలో ఉన్నది. మూడవది రైతుల చేతిలోనే ఉన్నది.

ప్రొద్దుటూరు ఆసామికీ, జమ్మలమడుగు నేతగానికీ, పులివెందుల మెట్టరైతుకూ ఆదాయాలు ఒకటి కావు, ఇప్పట్లో ఒకటి కాబోవు. దానికి నేను అంతగా చింతించను. మంచి ఏట ఎవరి అదృష్టం వారిది. చెడ్డ ఏట మాత్రం నష్టమంతా కడపటి మనిషిమీదికి దొర్లిపోకుండా చూచుకోవడం అందరి పని. ఈసారి తొలకరి ఆలస్యమైనప్పుడు రచ్చబండమీద వానను గురించి మాటలాడుకొనడం సహజమే. ఆ మాటలు అయిన తరువాత, మన ఊరిలో మొదట పొయ్యి ఆరేది ఎవరి ఇంట అన్న ప్రశ్న కూడా ఒకరు లేవనెత్తగలిగితే, ఈ పోలిక కోసం మనం అరిజోనా దాకా, సెర్బియా దాకా పోయివచ్చిన శ్రమ వృథా కాదని నా నమ్మకం.